అస్సాం మేస్త్రి చేప

ఆ మంగళవారం పొద్దున్న జూలియా నేల మీద పరదా గుడ్డ పరిచి సుద్ద గీత కొడుతూ ఉండగా తలుపు చప్పుడైంది.

తొమ్మిదడుగుల గుడ్డ. ఒక కొసన కోడలు మేరీరాణి మోకాళ్ల మీద కూర్చుని దారాన్ని బొటనవేలితో అదిమి పట్టుకుంది. రెండో కొసన జూలియా, ఎడమ చేతిలో చెక్క చేప. జానెడు పొడుగుంటుంది. దాని కడుపులో చిన్న చక్రం, ఆ చక్రానికి చుట్టిన దారం, దారం సుద్దపొడిలోంచి పాకి చేప నోట్లోంచి బయటికి వస్తుంది. బిగలాగి, మధ్యలో రెండు వేళ్లతో ఎత్తి వదిలితే టప్పుమని గుడ్డ మీద నీలం గీత పడుతుంది. వెంట్రుకవాసి వంకర ఉండదు. ఓడరేవు పక్కనున్న ఖిదిర్‌పూర్‌లో జూలియా కుట్టిన పరదాలు అంచు దగ్గర తేడా రావని పేరు. డెబ్బై రెండేళ్లొచ్చినా ఇంకా ఆమెకు పని వస్తోందంటే ఆ గీత వల్లే.

తలుపు రెండోసారి చప్పుడైంది. జూలియా గబగబా దారం చుట్టేసింది. వంటగదిలోకి వెళ్లి బియ్యం డబ్బా మూత తీసి, మోచేతి వరకూ చెయ్యి దింపి చేపను అడుగున పెట్టింది. మూత బిగించి, చేతులకంటిన సుద్ద చీరకు తుడుచుకుని, అప్పుడు తలుపు తియ్యమన్నట్టు కోడలి వైపు తల ఊపింది. మేరీరాణికి ఇది కొత్త కాదు. పెళ్లై వచ్చిన పద్నాలుగేళ్లుగా చూస్తూనే ఉంది. పాలవాడు తట్టినా, పక్కింటి పిల్లలు తట్టినా ఇదే. ఎందుకని అడగడం ఎప్పుడో మానేసింది.

వచ్చింది ఓటర్ల జాబితా పని మీద తిరుగుతున్న టీచరమ్మ. జూలియాకొకటి, కొడుకు ఆండ్రూకొకటి, రెండు నోటీసులిచ్చింది. పాత జాబితాలో జూలియా పేరు దొరకలేదని, తల్లి పేరు లేదు కాబట్టి కొడుకుదీ ఆగిందని, శుక్రవారం పదింటికి వీధి చివరి బడిలో విచారణ ఉంటుందని, అమ్మానాన్నల వివరాలున్న కాగితాలు పట్టుకుని రావాలని చెప్పింది. భయపడే పనేం లేదు మాసీమా అని, పిన్నిని పిలిచినట్టు బెంగాలీలో అంది. జూలియా ఆమెకు మంచినీళ్లిచ్చింది.  మమ్మల్నొక్కళ్లనే పిలిచారా అని అడిగింది. వీధిలో చాలామందికొచ్చాయంది టీచరమ్మ. వెళ్తూ వెళ్తూ ఆమె తన కళ్ల వైపు, చెంపల ఎముకల వైపు ఒక్క క్షణం ఎక్కువ చూసినట్టు జూలియాకు అనిపించింది. నిజంగా చూసిందో లేదో తెలియదు.

ఆ రోజు పరదా పని మళ్లీ మొదలవలేదు.

మధ్యాహ్నం ఓడల డాక్ నుంచి ఆండ్రూ వచ్చాడు. కంటైనర్లకు ఇనుప కడ్డీలు బిగించే పని అతనిది. అరచేతులు గ్రీజుతో నల్లబడి ఉంటే సబ్బు పెట్టి తోముకుని, నోటీసులు రెండూ చదివి, మంచం కింద నుంచి రేకు పెట్టె లాగాడు. కాగితాలన్నీ నేల మీద పరిచారు. లిలువా రైల్వే బడి వాళ్లిచ్చిన సర్టిఫికెట్టు, ఆధార్ కార్డు, తెలుగు చర్చిలో జరిగిన పెళ్లి కాగితం. మూడింట్లోనూ జూలియా తండ్రి పేరు దయారత్నం అనే ఉంది. ఆండ్రూ గట్టిగా ఊపిరి వదిలి, ఇంకేం ఇబ్బంది లేదన్నాడు. తన ఫారంలో తాత పేరు దయారత్నమని భార్య చేత గుండ్రటి అక్షరాలతో రాయించాడు.

ఆ తర్వాత కూడా అతను లేవలేదు. కాగితాలు పోగు చేస్తూ, మళ్లీ విప్పుతూ కూర్చున్నాడు. వచ్చే నెలలో డాక్ పర్మిట్ కొత్తది తీసుకోవాలి. దానికి పోలీసు వాళ్లు ఇంటికొచ్చి చూసి వెళ్తారు.

“అమ్మా, ఆ సేప ఇంట్లో వద్దే” అన్నాడు చివరికి.

జూలియా బియ్యం డబ్బా వైపు చూసింది.

“అడుగున సీనీ రాత ఉన్నాది. ఎవులైనా తీసి సూస్తే ఏటని సెప్తావు?”

“బొమ్మని సెప్తాను.”

“నీ వయసుకి బొమ్మేటమ్మా?”

కసిరినట్టు అనలేదు. బతిమాలుతున్నట్టే అన్నాడు. అమ్మ వాళ్ల నాన్న చైనా మనిషని అతనికి తెలుసు. అంతకు మించి ఆ ఇంట్లో ఎవరూ ఎప్పుడూ ఒక్క మాట చెప్పలేదు. పెద్దదేమీ కాదని, ఎవరికైనా ఇచ్చెయ్యమని, లేదంటే తానే ఎక్కడైనా పెట్టి వస్తానని అన్నాడు. జూలియా లేచి స్టవ్వు వెలిగించింది. అతనికిష్టమని ఎండు రొయ్యలు వేయించింది గాని, ఆ పూట ఇద్దరూ సరిగా తినలేదు.

*

బుధవారం ఆమె స్కేలు పెట్టి గీతలు గీసుకుని కుట్టింది. అంచు వంకర వచ్చింది. విప్పి మళ్లీ కుడితే మళ్లీ వచ్చింది. మిషను ఆపి వెళ్లి చేపను బియ్యం డబ్బాలోంచి తీసి పరుపు కింద పెట్టింది. గంటకు అక్కడ నుంచి తీసి మిషను సొరుగులో, సొరుగులోంచి తీసి గోడకున్న ప్రభువు పటం వెనక పెట్టింది. పటం ముందుకు వాలి ఎత్తుగా కనిపించేసరికి మళ్లీ బియ్యంలోకే చేర్చింది.

సాయంత్రం మేరీరాణి దండెం మీది బట్టలు తీస్తూ చూస్తే, అత్తగారు గుడ్డ సంచి ఒకటి సర్దుతోంది. రెండు చీరలు, ఒక స్టీలు గ్లాసు, బీపీ మాత్రలు, చిన్న మూటలో అటుకులు, బెల్లం, వీటన్నిటి మీదా మడిచిన ఉన్ని దుప్పటి.

“ఎక్కడికత్తా?”

“శుక్రోరం నాటికి.”

విచారణకు వెళ్లేవాళ్లు కాగితాల ఫైలు పట్టుకెళ్తారు. దుప్పటి ఎందుకని అడగబోయి మేరీరాణి ఆగిపోయింది. జూలియా ఆ దుప్పటిని ఇంకో మడత వేసి, మోకాలితో తొక్కి, సంచి మూతిని తాడుతో బిగించింది. ఆ ముడి వేసే తీరు చూస్తే అలవాటైన పనిలా ఉంది.

*

గురువారం పొద్దున్నే చేపను తువ్వాలులో చుట్టి, కూరగాయల సంచిలో అడుగున పెట్టుకుని జూలియా బస్సెక్కింది. లాల్‌బజార్ దగ్గర దిగి, పోలీసుల ఎర్ర భవనం వైపు చూడకుండా తల వంచుకుని రోడ్డు దాటింది. చైనా వాళ్లుండే టెరిటీ బజారులో పొద్దుటి టిఫిన్ల సందడి అప్పుడే సద్దుమణుగుతోంది. ఆవిరి గిన్నెలు సర్దేస్తున్నారు. సందు మలుపులో ఐరీన్ లియాంగ్ దుకాణం. సాసు సీసాలు, ఎండు నూడుల్సు, ఎర్ర కాగితాలు అమ్ముతుంది. ఎనభై దాటిన మనిషి. ఆ దుకాణం పరదాలు ఇరవై ఏళ్లుగా జూలియానే కుడుతోంది. ఇద్దరూ బెంగాలీ, హిందీ కలిపి కొట్టి మాట్లాడుకుంటారు. ఎప్పుడూ గుడ్డ రంగు గురించి, మోకాళ్ల నొప్పుల గురించే.

జూలియా తువ్వాలు విప్పి చేపను బల్ల మీద పెట్టింది. ఇది మా నాన్నదని, కొన్నాళ్లు మీ ఇంట్లో ఉంచమని అడిగింది. ఆ మాట అంటూ ఆమె గుమ్మం వైపు చూసుకుంది. ఐరీన్ ఆశ్చర్యపోలేదు. నీ ముఖం చూసినప్పుడే తెలుసు, నువ్వు చెప్పలేదని నేను అడగలేదంది. చేపను రెండు చేతులతో ఎత్తి, చక్రం తిప్పి, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. వడ్రంగులు చెక్క మీద సిరా గీత కొట్టుకునే సాధనమని, ఇలాంటిది చూసి అరవై ఏళ్లు దాటిందని చెప్పింది. తర్వాత దాన్ని బల్ల మీద పెట్టి జూలియా వైపు జరిపింది.

“నేను ఉంచుకోను. అరవై రెండులో చైనాతో యుద్ధం వచ్చినప్పుడు మా నాన్న అన్నీ కాల్చేశాడు. ఉత్తరాలు, పుస్తకాలు, తాత ఫోటో. రెండు రోజులు మా పొయ్యి మీద వంట లేదు, కాగితాలే. చైనా వాళ్లని పోలీసులు క్యాంపుకి పట్టుకెళ్లినప్పుడు మమ్మల్ని తీసుకెళ్లలేదు, నిజమే. కాని మా తాత ఎలా ఉండేవాడో చెప్పేందుకు ఇప్పుడు ఎవరూ లేరు.”

జూలియా చేపను తీసుకోవడానికి చెయ్యి చాపి, చాపిన చెయ్యి అలాగే ఉంచేసింది. అడుగున ఉన్న రాత ఏమిటో చదివి పెట్టమంది.

ఐరీన్ భూతద్దం తెచ్చుకుని వెలుగులోకి వెళ్లింది. మూడు అక్షరాలు. సుద్ద పట్టిపోయిన గాడిని గోరుతో గీకింది. చాన్ అంది. వింగ్ అంది. మూడోది సామ్ అంది.

“చాన్ వింగ్‌సామ్. మీ నాన్న పేరు. సామ్ అంటే అడవి. ఇదిగో, మూడు చెట్లు.”

ఆ మూడు చెట్లు జూలియాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. నాన్న ఊరికే చెక్కిన చెట్ల బొమ్మలనుకుంది. చైనా వాళ్లు ఆయన్ను ఆ-సామ్ అని పిలిస్తే, డాక్ దగ్గర తెలుగువాళ్లు అదే అస్సాం అనుకుని అస్సాం మేస్త్రి అన్నారు. అమ్మ కూడా ఇంట్లో మేస్త్రి అనే అనేది. కూతురికి తెలిసింది ఆ పేరొక్కటే. ఇప్పుడు ఆమె పెదవులు కదిలించి అసలు పేరు లోలోపల అనుకుని చూసింది. రెండోసారి పైకి అంది. ఐరీన్ ఒక కాగితపు సంచి చింపి ఇంగ్లీషు అక్షరాల్లో ఆ పేరు రాసిచ్చింది.

*

ఇంటికొచ్చేసరికి మేరీరాణి ఒక్కతే ఉంది. ఆండ్రూ మధ్యాహ్నం డ్యూటీకి వెళ్లిపోయాడు. జూలియా బియ్యం డబ్బా వైపు వెళ్లలేదు. చేపను మిషను మీద, కిటికీలోంచి కనపడేలా పెట్టి పరదా గుడ్డ పరిచింది. కొస పట్టుకోమంది. ఒక గీత కొట్టింది. రెండో గీతకు దారం లాగుతూ చెప్పడం మొదలుపెట్టింది.

“యుద్దంలో నాన్న కోసం పోలీసులొచ్చినపుడు అమ్మని నువ్వుండిపోవచ్చన్నారు. నువ్వు తెలుగుదానివి గదా, నీకేటి సంబంధం అన్నారు. అమ్మ నా సెయ్యి పట్టుకోని నాన్నెనకాల బండెక్కీసింది. అప్పుటికి నాకు తొమ్మిదేళ్లు. ఉలి, రంపం, సిత్రిక, అన్నీ తీసీసుకున్నారు. సేపని అమ్మ నా సేతిలో పెట్టీసి, బొమ్మని సెప్పమంది. ఆ పోలీసు దారం లాగి సూసినాడు, సక్రం గిర్రున తిరిగింది. నవ్వీసి నాకిచ్చీసినాడు.”

మేరీరాణి దారం వదలలేదు.

“రాజస్థాన్లో క్యాంపు. ఇసక, రేకుల సాలలు. మూడేళ్లున్నాం. అక్కడెవులు పోయినా శవం పెట్టె నాన్నే సేసీవోడు. పొద్దున్న రంపం ఇచ్చీవోరు, సాయంత్రం లెక్క సూసి తీసీసుకునీవోరు. గీతకి మాత్రం ఈ సేపే. సుద్ద లేదు, పొయ్యి మసి. రెండో కొస నాను పట్టుకునీదాన్ని, ఇప్పుడు నువ్వు పట్టుకున్నట్టు.”

వేళ్లతో దారం ఎత్తింది గాని వదల్లేదు.

“రెండో ఎండల్లో నాన్నకి జొరమొచ్చింది. తగ్గలేదు. ఆయన పెట్టెకి గీత అమ్మా నానూ కొట్టినాము. అమ్మ సెయ్యి వణికింది. ఆ ఒక్క గీతే వంకరొచ్చింది.”

దారం వదిలింది. గుడ్డ మీద నీలం గీత పడింది.  తర్వాత సంగతి జూలియా మామూలు గొంతుతో చెప్పింది. వదిలిపెట్టాక తిరిగొస్తే ఖిదిర్‌పూర్ గదిలో వేరేవాళ్లున్నారు. లిలువాలో రైల్వే వర్క్‌షాపులో పనిచేసే మావయ్య దయారత్నం వచ్చి తల్లినీ తననూ తీసుకెళ్లాడు. బడిలో వేసేటప్పుడు తండ్రి పేరడిగితే తడుముకోకుండా తన పేరు చెప్పాడు. ఇక నిన్నెవరూ ఏమీ అడగరే అన్నాడు దారిలో. నిజంగానే ఎవరూ అడగలేదు.

“ఆయనకి తెలుసా?” అంది మేరీరాణి. భర్త గురించి అడుగుతోంది.

“తెల్దు. నా బయ్యం ఆడికి అంటుకోకూడదనుకున్నాను. అంటుకోనే అంటుకుంది.”

*

శుక్రవారం బడి గదిలో చిన్నపిల్లల బెంచీల మీద పెద్దవాళ్లు మోకాళ్లు ముడుచుకుని కూర్చున్నారు. జూలియాది నలభై ఒకటో నంబరు, ఆండ్రూది నలభై రెండు. గోడకు బెంగాలీ అక్షరమాల పటం. ఒక్కో పేరు పిలిచినప్పుడల్లా జూలియా సంచి పట్టీని బిగించి పట్టుకుంటోంది. ఆండ్రూ పొద్దుటి నుంచి ఆమె కళ్లలోకి చూడలేదు. భార్య అంతా చెప్పిందని ఆ చూడకపోవడంలోనే తెలుస్తోంది. ఇరవై తొమ్మిదో నంబరు దగ్గర అతను సంచిని ఆమె ఒళ్లోంచి తీసుకున్నాడు. పైన దుప్పటి చేతికి తగిలింది. ఇదెందుకని అడగలేదు. తన ఒళ్లో పెట్టుకుని రెండు చేతులూ దాని మీద వేసి కూర్చున్నాడు. చొక్కా జేబులోంచి డాక్ పర్మిట్ ప్లాస్టిక్ కవరు కొస కనిపిస్తోంది.

ముప్పై ఐదో నంబరు ఆయన గట్టిగా వాదిస్తే ఎవరో సముదాయించి బయటికి తీసుకెళ్లారు. జూలియా గుమ్మంలో నిలబడ్డ కానిస్టేబుల్ని ఒకసారి, కిటికీ ఊచల్ని ఒకసారి చూసింది.  

నలభై ఒకటి అని పిలిస్తే ఇద్దరూ లేచి వెళ్లారు. బల్ల వెనక కూర్చున్న అధికారి పేరు ఆశిష్ అని చీటీ మీద ఉంది. ముందున్న టీ చల్లారి మీగడ కట్టింది. జూలియా కాగితాలు తీసుకుని ఒక్కొక్కటే పోల్చుకుంటూ టిక్కులు పెట్టాడు. అన్నీ సరిపోయాయన్నాడు. ఎదురుగా ఉన్న పుస్తకం ఆమె వైపు తిప్పి, సంతకం చేసే చోట వేలు పెట్టి చూపించి, అలవాటుగా తండ్రి పేరు అడిగాడు.

“బాబార్ నామ్ దయారత్నం?”

ఔనంటే అయిపోతుంది. ఔననాలనే ఆమె వచ్చింది. పొద్దున్న స్నానం చేస్తూ కూడా ఔను, ఔను అని అనుకుంది. కలం తీసుకుంది.

“కాదు” అంది.

ఆండ్రూ ఆమె మోచెయ్యి పట్టుకున్నాడు. జూలియా కలం కింద పెట్టి బెంగాలీలో చెప్పింది. దయారత్నం తన మేనమామ అని, తనను కాపాడాలని ఆయన తన పేరు ఇచ్చాడని, ఆయన మీద ఏ తప్పూ రాయొద్దని ముందు కోరింది. తర్వాత, తన తండ్రి ఇదే డాక్‌లో ఓడలకు తలుపులు, మంచాలు చేసిన చైనా వడ్రంగి అని, యుద్ధంలో పట్టుకుపోతే రాజస్థాన్ క్యాంపులో చనిపోయాడని చెప్పింది.  వెనక బెంచీల్లో గుసగుసలు ఆగిపోయాయి.

ఆశిష్ కళ్లద్దాలు తీసి కళ్లు నులుముకున్నాడు. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

“మాసీమా, మీ కాగితాలన్నీ కుదిరాయి. సంతకం పెడితే ఈ పూటతో పోతుంది. వేరే పేరంటే నేను పైకి పంపాలి. మళ్లీ పిలుస్తారు. ఏమడుగుతారో, ఏమంటారో నా చేతిలో లేదు.”

“తెలుసు బాబూ. నాన్న పేరు ఒక్క కాగితంలోనూ లేదు. ఇక్కడ రాయండి.”

రుజువేమైనా ఉందా అని అడిగాడతను. జూలియా ఆండ్రూ చేతిలోని సంచిలోంచి తువ్వాలు తీసి విప్పి, చేపను తిరగేసి బల్ల మీద పెట్టింది. ఆశిష్ బొటనవేలితో అక్షరాలు తడిమాడు.

“ఇది కాగితం కాదు మాసీమా.”

“కాదు” అని ఒప్పుకుంది జూలియా.

అతను చేపను జాగ్రత్తగా, తువ్వాలుతో సహా పక్కకు జరిపాడు.  తర్వాత ఇంకో ఫారం తీసి, ఆమె ఇచ్చిన కాగితపు సంచి ముక్క చూసుకుంటూ, దరఖాస్తుదారు చెప్పిన ప్రకారం తండ్రి పేరు అని రాశాడు. చాన్ వింగ్‌సామ్. వృత్తి వడ్రంగి. చనిపోయిన చోటు, సంవత్సరం. జూలియా సంతకం చేసింది. మళ్లీ నోటీసు ఎప్పుడొస్తుందో చెప్పలేనని, ఈ చీటీ మాత్రం దాచుకోమని చెప్పి నకలు చింపి ఇచ్చాడు.

నలభై రెండు అని పిలిచారు.

ఆండ్రూ ముందుకు జరిగాడు. చేతిలో మేరీరాణి గుండ్రటి అక్షరాలతో నింపిన ఫారం. అతనిచ్చేస్తాడని, ఇచ్చెయ్యాలనే జూలియా అనుకుంది. పిల్లలున్నవాడు. జేబులో పర్మిట్ ఉన్నవాడు. తాను చెప్పిన పేరు తనతోనే ఆగితే చాలు. అతని వైపు చూస్తే ఎక్కడ తప్పు పట్టినట్టవుతుందోనని అక్షరమాల పటం వైపు చూస్తూ నిలబడింది.

ఆశిష్ చెయ్యి చాపాడు. ఆండ్రూ ఫారం ఇవ్వలేదు. బల్ల మీద పెట్టి, ఒక్క నిమిషం దాదా, కలం ఇస్తారా అని అడిగాడు. కలం అందుకున్నాక చాలాసేపు ఏమీ చెయ్యలేదు. వెనక నుంచి ఎవరో తొందర పెట్టారు. గ్రీజు వదలని బొటనవేలితో కాగితం అంచు అదిమి పట్టి, తాత పేరు దగ్గర దయారత్నం అన్న మాట మీద అడ్డంగా గీత కొట్టాడు. పైన ఖాళీలో కలం ఆనించి ఆగాడు.

“అమ్మా” అన్నాడు తల ఎత్తకుండానే, “తాత పేరు నెమ్మదిగా సెప్పు. నాను రాస్తాను.”